తలుపు దగ్గర ఎవరో

2024 జులై 1, సోమవారం. రాత్రి పదకొండున్నర. విజయవాడలో వాన మొదలైంది. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, ముంబైలో ఎక్కడో ఉన్న సర్వర్ లాగ్ చూస్తున్నావు. మామూలు రోజుల్లో దాని జోలికి వెళ్లవు. ఈ రాత్రి ఒక్కో వరసా చదువుతున్నావు.

ఎవరో ఎస్‌ఎస్‌హెచ్ తలుపు తట్టారు. పేరు చెప్పలేదు. పాస్‌వర్డ్ ఇవ్వలేదు. ఊరికే నిలబడ్డారు. 120 సెకన్లకు సర్వరే విసిగి గెంటేసింది: 'టైమౌట్ బిఫోర్ ఆథెంటికేషన్'. మళ్లీ తట్టారు. దొంగల బెడద ఉండదని పోర్టు 22 మార్చి 2222 పెట్టుకున్నావు గానీ, 22 దొరక్కపోతే వాళ్లు వచ్చేది అక్కడికే.

నిన్నటిదాకా ఇది దోమల గోల. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ గురించి భద్రతా సంస్థ క్వాలిస్ వాళ్లు ఇవాళ బయటపెట్టింది చదివాక ఆ మౌనమే భయపెడుతోంది. గెంటేసే ఆ క్షణంలోనే ఉంది లోపం. గడువు తీరగానే సర్వర్ చేతిలో పని చేతిలో ఉండగానే లాగ్ రాయడానికి పరుగెడుతుంది. ఆ చేతిలో పని మెమరీ సర్దడమే అయితే రెండూ చిక్కుపడతాయి. ఆ రెప్పపాటు ఎవడికి కుదిరితే వాడికి పాస్‌వర్డ్ లేకుండానే రూట్, అంటే మెషిన్ మీద పూర్తి అధికారం, దక్కుతుంది. 32 బిట్ మెషిన్ మీద వాళ్లకు సగటున పదివేల ప్రయత్నాలు, ఆరు నుంచి ఎనిమిది గంటలు పట్టింది. 2006లో పూడ్చిన గొయ్యే ఇది. 2020లో కోడ్ సర్దుతుంటే పొరపాటున మళ్లీ తెరుచుకుంది.

నీది 64 బిట్. దాని మీద కుదిరినట్టు ఇంకా ఎవరూ చూపించలేదు. అయినా నిద్ర పడుతుందా? పొద్దున ఎనిమిదింటికి ఈ సర్వర్ మీదే పిల్లల మాక్ టెస్ట్.

"ఏరా, ఇంకా పడుకోలేదా?" పక్క గదిలోంచి అమ్మ.

"ఐదు నిమిషాలమ్మా."

నిజానికి సర్వర్ మీదున్న ఉబుంటు తనంతట తానే ప్యాచ్ వేసుకోగలదు. ఆ స్విచ్ ఆపేసింది నువ్వే. పోయినేడాది ఓ అర్ధరాత్రి అప్‌డేట్ డేటాబేస్‌ను రీస్టార్ట్ చేసిందన్న కోపంతో. అప్పట్నుంచీ 'ఆదివారం చూద్దాంలే' అనుకుంటూనే ఉన్నావు.

టీమక్స్ తెరుస్తావు. లైన్ తెగినా అవతల పని ఆగకుండా ఉంచేది అదే. 'సుడో ఆప్ట్ అప్‌డేట్'. 143 ప్యాకేజీలు పేరుకుపోయి ఉన్నాయి. అన్నీ వేయాలా? ఏది విరిగిందో తెలుసుకునేలోపు తెల్లారిపోతుంది. ఈ రాత్రికి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ చాలు. ఎంటర్ నొక్కుతావు. వరసలు జరజరా జారిపోతాయి.

ఠక్కున తెర ఊదారంగులోకి మారుతుంది. ప్రశ్న. నువ్వు మార్చుకున్న ఎస్‌ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్ ఫైల్ ఉంచాలా, ప్యాకేజీతో వచ్చిన కొత్తది పెట్టాలా?

బాణం మీటలు కదపబోతావు.

ఫ్యాను ఆగింది.

కరెంటు పోయింది. రౌటర్ మీద లైట్లు లేవు. మీట నొక్కుతావు. కదలదు. మళ్లీ. కదలదు.

ఫోన్. హాట్‌స్పాట్. సిగ్నల్ ఒక్క గీత. ఎస్‌ఎస్‌హెచ్ కొడతావు. ఏమీ రాదు. వాన చప్పుడు. ఇంకా ఏమీ రాదు.

వచ్చింది.

'టీమక్స్ అటాచ్'. అదే ఊదా తెర, వదిలిన చోటే. టీమక్స్ లేకపోతే ఇన్‌స్టాల్ సగంలో తెగి పడి ఉండేది.

తొందరపడకు. ముందు తేడాలు చూపించమను. మైనస్ గుర్తుతో నీ 2222. ప్లస్ గుర్తుతో వాళ్ల 22. ఫైర్‌వాల్‌లో తెరిచింది 2222 ఒక్కటే. కొత్త ఫైల్‌కు సరేనంటే సర్వర్ 22 దగ్గర కూర్చుంటుంది, ఫైర్‌వాల్ నిన్ను గుమ్మం దాటనివ్వదు. రెస్క్యూ కన్సోల్ పాస్‌వర్డ్ ఎప్పుడో మర్చిపోయావు.

ఉన్నదే ఉంచు. ఎంటర్.

ప్రాంప్ట్ తిరిగొచ్చింది. ఇంకా ఊపిరి పీల్చకు, ఈ విండో మూయకు. సర్వీసు చచ్చినా, లోపలున్నవాడి లైన్ అలాగే నడుస్తుంది. కాబట్టి ఇది పనిచేస్తోందంటే బయట బాగున్నట్టు కాదు. పక్కన ఇంకో విండో. కొత్తగా లాగిన్.

ఒకటి. రెండు. లోపలికొచ్చావు.

వెర్షన్ అడుగుతావు. 8.9. గుండె జారుతుంది. లోపం సరిచేసింది 9.8లో కదా? తోకదాకా చదువు: '3ఉబుంటు0.10'. ఉబుంటు వాళ్లు మొత్తం కొత్త వెర్షన్ తేరు. ఆ ఒక్క మరమ్మతునే పాత 8.9లో కుట్టి పంపుతారు. అంకె పాతదే, లోపల అతుకు కొత్తది. ఈ సంగతి తెలియక, ప్యాచ్ వేసుకున్న సర్వర్‌కే మళ్లీ సోర్సు నుంచి 9.8 కట్టి చేతులు కాల్చుకునేవాళ్లుంటారు.

ఇంకా 140 మిగిలాయి. పరీక్ష అయ్యాక, బ్యాకప్ తీసుకుని. ప్రస్తుతానికి ఆటో అప్‌గ్రేడ్స్ ఫైల్ తెరుస్తావు. రెండు వరసలు, రెండిటి చివరా సున్నా. పైదాన్ని 1 చేస్తావు. అది జాబితా తెచ్చుకోవడానికి. ప్యాచ్ వేయడానికి రెండోది. దాని దగ్గర వేలు ఆగుతుంది. డేటాబేస్ పడిపోయిన ఆ రాత్రి కళ్ల ముందు మెదులుతుంది. పేరు చూసి డేటాబేస్‌ను మాత్రం మినహాయింపు జాబితాలో పెడతావు. అప్పుడు రెండోదీ 1.

మళ్లీ లాగ్. కొత్త వరస. ఎవరో తట్టారు, మాట్లాడటం లేదు. చీకట్లో కూర్చుని లెక్కపెడతావు. నూట పద్దెనిమిది. నూట పంతొమ్మిది.