కొసమెరుపుకు ముందరి నవ్వు

భయానక కథానికలో కొసమెరుపును గూర్చి మాట్లాడేవారు తరచుగా చివరి పేరా దగ్గరే ఆగిపోతారు. నన్ను చిరకాలంగా ఆకర్షిస్తున్నది ఆ మెరుపు కాదు, దానికోసం రచయిత ఎప్పుడో నాటిన బీజం. ముగింపును ముందే చెప్పాలి. చెప్పినట్టు చదువరికి తెలియకూడదు. ఈ రెంటికీ పొత్తు కుదిరేదెట్లా? ఆంగ్ల కథానిక చరిత్రలో కనీసం ముగ్గురు దీనికి ఒకే ఉపాయం పన్నారని నాకు తోస్తున్నది. సూచనను వారు నవ్వులో దాచారు. (ముగింపులు బయటపెట్టక తప్పదు గనుక, ఈ కథలు చదవనివారు ముందు వాటిని చదివి రావటం మేలు.)

భరతుని లెక్క వేరు. శృంగారం నుంచి హాస్యం, రౌద్రం నుంచి కరుణ, వీరం నుంచి అద్భుతం, బీభత్సం నుంచి భయానకం పుడతాయని నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయం చెబుతుంది. మన దయ్యాల కథకులలో చాలామంది తెలియకుండానే ఈ చివరి సూత్రానికి విధేయులు. నెత్తురు, పుర్రె, కుళ్ళిన శవం వరుసగా దిగుతాయి. చదివాక మిగిలేది జుగుప్స. అయితే అదే అధ్యాయంలో భరతుడు హాస్యానికి ప్రమథులను, భయానకానికి కాలుని అధిదేవతలుగా చెప్పాడు. శ్మశానవాసియైన శివుని పరిచరులు నవ్వుకు దేవతలు కావటం భాషాప్రవీణ చదివే రోజులనుంచీ నాకు వింతగానే ఉండేది.

ఎడ్గార్ ఎలన్ పో 1842లో హాథార్న్ కథల సంపుటిని సమీక్షిస్తూ, కథానిక అంతా ఒక్క ఫలితం కోసమే నడవాలని, మొదటి వాక్యం నుంచీ దానికే తోడ్పడాలని శాసించాడు. 1846లో వచ్చిన ‘ది కాస్క్ ఆఫ్ అమొంటిలాడో’ ఆ శాసనానికి లక్ష్యం. ఉత్సవపు రోజు, విదూషక వేషం, టోపీకి గంటలు. తాగిన మైకంలో ఉన్న ఫార్చునాటోను పగవాడు నేలమాళిగలోకి తీసుకుపోతాడు. దగ్గుతో తాను చావనని అతడంటే, నిజమేనని మిత్రుడుగా నటిస్తున్న ఆ హంతకుడు ఒప్పుకుంటాడు. తాపీ తీసి చూపిస్తే పరిహాసమనుకుంటాడు ఫార్చునాటో. కాసేపటికి ఆ తాపీతోనే అతని చుట్టూ గోడ లేస్తుంది.

ఒకరి మాటకు వేరొక అర్థం వచ్చి తగిలి కీడు పలకటాన్ని దశరూపకంలో ‘గండం’ అన్నారు. ఉత్తరరామచరితం మొదటి అంకంలో సీతావిరహం ఒక్కటే తనకు దుస్సహమని రాముడు అనుకుంటుండగా, వచ్చినట్టు మనవి చేస్తుంది ద్వారపాలిక. ఆమె చెప్పింది దుర్ముఖుడనే చారుణ్ణి గురించి. మనకు వినబడేది విరహం వచ్చిందని. పనిముట్టు ఒకటే, గమ్యం మాత్రం వేరు. నిర్వహణ సంధిలో అద్భుతం ఉండాలన్న మన శాస్త్రాన్ని అనుసరించి భవభూతి సీతారాములను తిరిగి కలిపాడు. పో గోడ కట్టి ఊరుకున్నాడు.

ఈ విద్యకు పరాకాష్ఠ నా దృష్టిలో డబ్ల్యూ.డబ్ల్యూ. జేకబ్స్ 1902లో ప్రచురించిన ‘ది మంకీస్ పా’. జేకబ్స్ నావికులను, రేవుమనుషులను గురించి హాస్యకథలు రాసి పేరు తెచ్చుకున్నవాడన్నది మరువరాదు. కథ మొదట తండ్రీకొడుకులు చదరంగం ఆడుతుంటారు. తండ్రి అనవసరంగా రాజును అపాయంలోకి తోసి, తప్పు తెలిశాక కొడుకు దృష్టి మళ్ళించబోతాడు. మనం చిరునవ్వు నవ్వుతాం. కథ మొత్తం అక్కడే ఉన్నది! ఇండియాలో ఇరవైయొక్కేళ్ళు ఉండి వచ్చిన సైనికుడు మూడు కోరికలు తీర్చే కోతిపంజా చూపిస్తాడు. విధిని కదిలించబోయినవారికి దుఃఖమే మిగులుతుందని చూపటానికి ఒక ఫకీరు దానికి మంత్రం వేశాడట. మొదటి యజమాని మూడవ కోరికగా చావును అడిగాడనీ అతడే చెబుతాడు. ఇంతకన్న బాహాటంగా ఎవరు హెచ్చరిస్తారు? అయినా ఇంటివారికి అది వేళాకోళం. రెండువందల పౌన్లు కోరమని కొడుకు హెర్బర్టు నవ్వుతూ సలహా ఇస్తాడు. పడుకోబోతూ, డబ్బు సంచి మంచం నడుమ ఉంటుందనీ, బీరువా మీద భయంకరమైనదేదో కూర్చుని చూస్తుంటుందనీ తండ్రిని ఆటపట్టిస్తాడు.

మరునాడు హెర్బర్టు యంత్రంలో పడి మరణిస్తాడు. కంపెనీ ఇచ్చిన పరిహారం సరిగ్గా రెండువందల పౌన్లు.

కొసమెరుపు ఇదే అయితే అది నేర్పుగల కథగా మిగిలేది. తల్లి పట్టుబట్టి కొడుకును బ్రతికించమని రెండవ కోరిక కోరిస్తుంది. బట్టలను బట్టే శవాన్ని గుర్తుపట్టానని తండ్రి అంతకుముందే అన్నాడు. ఆ ఒక్క మాట తప్ప జేకబ్స్ బీభత్సాన్ని ముట్టలేదు. అర్ధరాత్రి తలుపు చప్పుడవుతుంది. తల్లి గడియ తీయటానికి పెనుగులాడుతుంది. తండ్రి చీకట్లో పంజా వెతికి మూడవ కోరిక కోరుతాడు. తలుపు తెరుచుకుంటే వీధిదీపం, నిర్జనమైన బాట. వచ్చినదేమిటో మనకు చూపలేదు. మూడవ కోరికా వినిపించలేదు. ఆ తండ్రి చేసినది కొడుకును రెండవమారు చంపటమా, రక్షించటమా? నేనింతవరకు తేల్చుకోలేదు. ‘అంతా కల’ అని ముగించే కథలతో దీన్ని పోల్చరాదు. అవి చదువరికి ఏమీ చెప్పకుండా దాచి చివర మోసగిస్తాయి.

షర్లీ జాక్సన్ ‘ది లాటరీ’ 1948 జూన్ 26 నాటి న్యూయార్కర్ సంచికలో వచ్చింది; కథలోని తేదీ జూన్ 27. ఎండ, పూలు, పచ్చిక. రెండవ పేరాలోనే పిల్లలు జేబుల్లో నున్నని రాళ్ళు నింపుకుంటారు. టెస్సీ హచిన్సన్ ఆలస్యంగా వచ్చి, గిన్నెలు కడగకుండా రమ్మంటారా అని చమత్కరిస్తే జనం నవ్వుతారు. ఆ రాళ్ళు ఆమె కోసమే.

ఆ వేసవిలో పాఠకులనుంచి జాక్సన్‌కు మూడువందలకు పైగా ఉత్తరాలు వచ్చాయి. దిగ్భ్రాంతి చెందినవారున్నారు, తిట్టినవారున్నారు. ఇట్టి లాటరీలు ఎక్కడ జరుగుతాయో, తాము వెళ్ళి చూడవచ్చునో లేదో తెలుపమని అడిగినవారూ ఉన్నారు.