సరుగుడు కొమ్మకు రెండు చెంబుల నీళ్ళు

మన సంఘం ప్రత్యేక సంచికకు పాత సంగతులపై ఒక వ్యాసం రాయమని కార్యదర్శి గారు కోరారు. ముప్ఫై అయిదేండ్లు ఫైళ్ళ మీద నోట్లు రాసినవాడినే గాని నేను చరిత్రకారుణ్ణి కాను. అయినా కోసిన క్రిస్మస్ చెట్టును ఎండు గాలిలో పచ్చగా నిలపడం గురించి నాకు తెలిసినంత రాస్తాను. బతుకమ్మ పేర్చే ఇంట పుట్టినవాడికి క్రిస్మస్ చెట్టుతో పనేమిటని అనుకోవద్దు. చివరి వరకు చదివితే తెలుస్తుంది.

ముందుగా పూర్వ చరిత్ర. ఈ ఆచారం జర్మన్ ప్రాంతాలలో పుట్టింది. 1605 నాటికే స్ట్రాస్‌బర్గ్ పట్నంలో జనం ఇండ్లలో ఫర్ చెట్టును నిలిపి కాగితపు గులాబీలు, ఆపిల్ పండ్లు కట్టేవారని ఆనాటి రాత ఒకటి ఉన్నది. 1848లో విక్టోరియా రాణి కుటుంబం అలంకరించిన చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మ లండన్ పత్రికలో అచ్చయింది. ఆ తరువాత ఇంగ్లండు సామాన్యుల ఇండ్లలోకీ ఆచారం పాకింది. అక్కడి నుంచి దొరల వెంట, మిషనరీల వెంట మన దేశానికి వచ్చింది.

మన వైపు 19వ శతాబ్దం చివరి భాగం నుంచి సికింద్రాబాదు కేంద్రంగా వెస్లియన్ మెథడిస్టు మిషన్ పనిచేసింది. ఆ మిషన్‌కు చెందిన పోస్నెట్ దొర కట్టించిన మెదక్ చర్చి 1924 డిసెంబరు 25న, అనగా క్రిస్మస్ నాడే, ప్రారంభమైంది. 1947లో దక్షిణాది సంఘాలు కొన్ని కలిసి సి.ఎస్.ఐ. అయినవి. 1978లో కరీంనగర్ కేంద్రంగా ఒక డయోసిస్ ఏర్పడింది. మతం వచ్చింది, పండుగ వచ్చింది. కాని ఫర్ చెట్టు రాలేదు. అది మన దేశంలో హిమాలయాల చల్లదనంలోనే పెరుగుతుంది గాని దక్కను నేలలో బతకదు.

ఆ లోటును సరుగుడు తీర్చింది. అది కూడా ఈ నేల చెట్టు కాదు, ఆస్ట్రేలియా వైపుది. 1860ల నుంచి మద్రాసు తీరంలో రైలు ఇంజన్ల వంటచెరకు కోసం తోటలుగా పెంచారు. తరువాత లోపలి జిల్లాలలో కూడా బంగళాల ఆవరణలలో నాటారు. దాని ఆకులని మనం అనుకునేవి నిజానికి సన్నని పుల్లలే. అసలు ఆకులు వాటి కణుపుల దగ్గర పొలుసులంత చిన్నవిగా ఉంటాయి. చూపుకు మాత్రం ఫర్ చెట్టు పోలిక వస్తుంది.

ఇక నా సంగతి. 1974లో నేను లక్సెట్టిపేట తాలూకా కచేరీలో గుమాస్తాను. అప్పుడది ఆదిలాబాద్ జిల్లా, 2016 నుంచి మంచిర్యాల జిల్లా. పక్కింట్లో ఒక క్రైస్తవ టీచరు గారుండేవారు. డిసెంబరు నడుమ ఒక సరుగుడు కొమ్మ తెచ్చి, ఇసుక నింపిన బిందెలో నిలిపి, కాగితపు నక్షత్రాలు కట్టారు. ఆ ఇసుకలో ఎప్పుడూ నీళ్ళు నిలిచి ఉండేటట్లు చూసేవారు. మైనపు వత్తులు కొమ్మకు కట్టనిచ్చేవారు కాదు, దూరంగా గూట్లో పెట్టించేవారు.

పండుగ పది రోజులుందనగా వారి ఆరేండ్ల బిడ్డకు జ్వరం ముదిరింది. గోదావరి దాటి కరీంనగర్ మిషన్ ఆసుపత్రికి తీసుకుపోయారు. పోతూ తాళంచెవి నా చేతికిచ్చి, "తమ్మీ, కొమ్మకు రోజు రెండు చెంబుల నీళ్ళు పొయ్యి. బిడ్డ వచ్చేసరికి పచ్చగుండాలె" అన్నారు. "మీరు బేఫికర్‌గా పోండ్రి సార్" అన్నాను.

రెండు రోజులు పోశాను. తరువాత మరిచిపోయాను. కచేరీలో పని ఎక్కువని రాస్తే అది అబద్ధపు నోటు అవుతుంది. మంచిర్యాలలో సినిమా చూశాను, స్నేహితులతో తిరిగాను. 23వ తేదీన గుర్తొచ్చి తలుపు తీస్తే కొమ్మ గోధుమరంగుకు తిరిగింది. ముట్టుకుంటే పుల్లలు జలజల రాలాయి. బకెట్టెడు నీళ్ళు పోశాను. ఏం లాభం? పై కొమ్మ అప్పటికే చచ్చింది.

మరునాడు సాయంత్రం వారు వచ్చారు. కంబళి కప్పుకున్న ఆ పాప చెట్టును చూసి, "నాయనా, చచ్చిపోయిందా?" అని అడిగింది. సారు నన్ను ఒక్క మాట అనలేదు. కొడవలి పట్టుకుపోయి చీకటి పడే వేళకు మరో కొమ్మ తెచ్చారు. మొదలును మళ్ళీ వేలెడంత కోసి, వెంటనే నీళ్ళలో పెట్టి, "కోత ఎండితే నీళ్ళు గుంజదు తమ్మీ" అన్నారు. అంతే. నేను క్షమించమని అడగలేదు. మరుసటి ఏడు నాకు బదిలీ అయింది. వారిని మళ్ళీ చూడలేదు.

ఆ మాట విలువ నాకు 2019 డిసెంబరులో అమెరికాలో తెలిసింది. మా అబ్బాయి అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ దగ్గర ఉంటాడు. అక్కడ తెలుగువారు చాలామంది ఉన్నారు. ఆ ఊరు నిజమైన ఎడారి. ఏడాదికి పడే వాన ఎనిమిది అంగుళాల లోపే, మన కరీంనగర్‌లో దానికి నాలుగింతలు పైనే. అటువంటి చోటికి ఆరెగాన్ రాష్ట్రం నుంచి దాదాపు 2,000 కిలోమీటర్లు లారీలలో ఫర్ చెట్లు వస్తాయి. మనుమరాలి ముచ్చటకు ఒకటి కొన్నారు.

అంగడివాడు చెప్పిన పద్ధతి సారు చెప్పినదే. మొదలు అర అంగుళం నుంచి అంగుళం దాకా అడ్డంగా కోయాలి. చెట్టు నీళ్ళలో లేకుండా ఆరేడు గంటలు ఉంటే జిగురు కోత ముఖాన్ని మూసేస్తుంది, మళ్ళీ కోయక తప్పదు. మొదలు లావు అంగుళానికి రోజుకు సుమారు లీటరు లెక్క. మొదటి రోజు నాలుగు లీటర్ల దాకా తాగవచ్చు. చక్కెర, మాత్రలు కలపనక్కరలేదు, మంచినీళ్ళే చాలు. బెరడు చెక్కరాదు, అంచున ఉన్న పొరలే ఎక్కువ నీరు గుంజుతాయి. ఎండ తగిలే కిటికీకి, వేడిగాలి యంత్రానికి దూరంగా ఉంచాలి. ఎండిన చెట్టుకు నిప్పంటితే క్షణాలలో మండుతుంది.

ఇదంతా వింటుంటే మా అమ్మ గుర్తొచ్చింది. బతుకమ్మకు గునుగు ముందురోజు తెచ్చినా వాడదు. తంగేడు మాత్రం పొద్దున్నే తెంపి, తడి బట్టలో చుట్టి నీడన పెట్టేది. కోసినంత మాత్రాన ప్రాణం పోదని, కోసినవాడిదే దాని భారమని ఆమెకు తెలుసు. సారుకూ తెలుసు. తెలియనిది నాకే.

ఆ మూడు వారాలు రోజూ తెల్లవారుజామున లేచి గిన్నెలో నీళ్ళు చూసేవాణ్ణి. "తాతా, ఎందుకంత తొందర?" అని మనుమరాలు నవ్వేది. జనవరి రెండున తీసేనాటికీ చెట్టు పచ్చగానే ఉంది.

మన సభ్యులలో క్రిస్మస్ జరుపుకునేవారు ఈ పద్ధతి పాటించగలరు. వీలుంటే కుండీలో పెరిగే అరకేరియా మొక్క మేలు, కడియం నర్సరీలలో దొరుకుతుంది. దాన్ని ఏటేటా వాడుకోవచ్చు.

సారు ఉన్నారో లేరో తెలియదు. ఆ పాపకు ఇప్పుడు యాభై ఏడేండ్లు దాటి ఉంటాయి. ఈ సంచిక ఎవరి ద్వారానైనా ఆమె చేతికి చేరితే, అమ్మా, ఆనాడు నీళ్ళు పోయనివాణ్ణి నేనే. క్షమించమని అడగడం ఆలస్యమైంది.