గది దొరికితేనే చదువు

ప్రతి సంవత్సరం పరీక్షా ఫలితాలు వచ్చిన తరువాత మన సొసైటీ సభ్యులు కొందరు మా ఇంటికి వస్తుంటారు. "మాస్టర్ సాబ్, మావాడికి సీటొచ్చింది. హైదరాబాదులో మీకు తెలిసిన గది ఏదైనా ఉందా?" అని అడుగుతారు. ఫీజు సంగతి అడిగేవారికంటే గది సంగతి అడిగేవారే ఎక్కువ. కనుక ఈ సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని కార్యదర్శి గారు కోరినప్పుడు, నవాబుల చరిత్ర, కోటల చరిత్ర పక్కన బెట్టి, విద్యార్థుల అద్దె గదుల చరిత్ర రాద్దామనుకున్నాము. ఇది ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని చరిత్ర. అయినా మనలో చదువుకున్న ప్రతి ఇంటికీ సంబంధించిన చరిత్ర.

మన కోనసీమ చుట్టూ గోదావరి పాయలు, ఒక ప్రక్క సముద్రం. పూర్వం ఇక్కడి పిల్లవాడు పై చదువుకు పోవాలంటే ముందు రేవు దాటాలి. కోటిపల్లి రేవులో గాని, ఎదుర్లంక రేవులో గాని పడవెక్కి అవతలి ఒడ్డు చేరితేనే కాకినాడ. 1928లో వేసిన కాకినాడ-కోటిపల్లి రైలు మార్గాన్ని యుద్ధ కాలంలో, 1940లో, పీకివేశారు. మళ్లీ వేసినది 2004లో. ఎదుర్లంక-యానాం వంతెన 2002లో గాని రాలేదు. కాబట్టి పొద్దున్నే పోయి సాయంత్రానికి ఇంటికి రావడమన్నది కలలోని మాట. పోయినవాడు అక్కడ ఉండిపోవాల్సిందే. ఎక్కడ ఉండాలి? ఏమి తినాలి? చదువుకు ముందు వచ్చే ప్రశ్న ఇదే. అమలాపురంలో 1951లో ఎస్.కె.బి.ఆర్. కాలేజీ వచ్చాక కొంత భారం తగ్గింది గాని, రాజోలు, మలికిపురం వైపు నుంచి వచ్చే పిల్లలకు ఇక్కడా గది కావలసే వచ్చింది.

ఆ రోజుల్లో బ్రాహ్మణ కుటుంబాల పేద పిల్లలు వారాలు చేసుకుని చదువుకునేవారు. సోమవారం ఒక ఇంట, మంగళవారం మరొక ఇంట భోజనం. మన మసీదుల్లో ఓదే పిల్లలకు కూడా ఇంటింటి నుంచి అన్నం గిన్నె వెళ్లే అలవాటు మన పెద్దలు ఎరిగినదే. అప్పట్లో దాన్ని దానమని ఎవరూ అనుకోలేదు. ఊరు తన పిల్లవాడిని చదివించుకునే పద్ధతిగానే చూశారు.

తరువాత కాలేజీలు వచ్చాయి, పట్టణాలు పెరిగాయి, వారాలు పోయాయి. ఆ లోటు గుర్తించిన పెద్దలు కొందరు ఉన్నారు. కాకినాడ పిఠాపురం రాజా వారి కాలేజీకి 1904లో ప్రిన్సిపాలుగా వచ్చిన రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు పేద విద్యార్థులకు తన ఇల్లే ఆశ్రయం చేశారు. పిఠాపురం మహారాజా వారి అండతో అనాథలకు, దళిత విద్యార్థులకు వసతి కల్పించారు. చిన్నతనంలో నిజాం రాజ్యంలో పెరిగిన ఆయనకు ఉర్దూ, పారశీకం కూడా వచ్చునని చదివినప్పుడు మాకు ఎంతో ఆత్మీయంగా అనిపించింది. హైదరాబాదులో కొత్వాలుగా పనిచేసిన వెంకటరామారెడ్డి గారు 1918లో రెడ్డి హాస్టలు స్థాపించారు. పల్లెల నుంచి వచ్చే పిల్లలకు తల దాచుకునే చోటు లేకపోతే కాలేజీలున్నా లేనట్టేనని ఈ పెద్దలు గ్రహించారు.

అదే 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. మన దేశంలో ఒక దేశభాషను బోధనా భాషగా పెట్టుకున్న తొలి విశ్వవిద్యాలయం అదే, ఆ భాష ఉర్దూ. పాఠ్యపుస్తకాల కోసం 1917లోనే దారుల్ తర్జుమా అనే అనువాద శాఖ పెట్టి, మౌల్వీ అబ్దుల్ హఖ్ గారికి అప్పగించారు. గణితం, వైద్యం, ఇంజనీరింగు అన్నీ ఉర్దూలోనే చెప్పారు. మొదట గన్‌ఫౌండ్రీలో అద్దె ఇళ్లలో నడిచిన తరగతులు తరువాత అడిక్‌మెట్ వైపు తరలినాయి. ఆర్ట్స్ కాలేజీ భవనాన్ని 1939 డిసెంబరు 4న ప్రారంభించారు. పోలీసు చర్య తరువాత ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. భాష మారింది గాని, విద్యార్థుల రాక తగ్గలేదు, పెరిగింది. హాస్టళ్లు చాలలేదు. చాలనివారంతా చుట్టూ ఉన్న అడిక్‌మెట్, విద్యానగర్, నల్లకుంట వీధుల్లోకి పొంగిపోయారు. ఆ పేటల అద్దె గదుల కథ అలా నడిచింది.

2000వ సంవత్సరంలో మేము ఎం.ఏ. ఉర్దూ చదవడానికి అక్కడికి వెళ్లాము. అమలాపురానికి రైలు లేదు కనుక రాజమండ్రి వెళ్లి రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లారి సికింద్రాబాదులో దిగాము. చేతిలో ఒక ట్రంకుపెట్టె, అమ్మీ కట్టి ఇచ్చిన ఆవకాయ జాడీ. హాస్టల్లో సీటు రాలేదు. మూడు రోజులు గది కోసం తిరిగాము. "టులెట్" బోర్డున్న ఒక ఇంటాయన గది చూపించాడు, అడ్వాన్సు చెప్పాడు, నీళ్లెప్పుడొస్తాయో కూడా చెప్పాడు. చివరికి పేరు అడిగాడు. పేరు అడిగేదాకా ఆ గది ఖాళీగానే ఉంది. పేరు చెప్పాక, నిన్ననే ఎవరికో ఇచ్చినట్టు ఆయనకు గుర్తొచ్చింది. ఇలా రెండు ఇళ్లలో జరిగింది. కోపం రాలేదని చెబితే అబద్ధం అవుతుంది.

నాలుగో రోజు అడిక్‌మెట్‌లో ఒక పాత ఇంటి మేడమీద, రేకుల గది దొరికింది. ఆ ఇంటి యజమాని రిటైరైన గుమాస్తా, హిందువు, డెబ్బై దాటినవాడు. మా పేరు వినగానే ఆయన మొదట అడిగినది, "ఉర్దూ పఢ్‌నా ఆతా హై బేటా?" అని. నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదివినవాడాయన. కళ్లు మసకబారి పత్రిక చదవలేకపోతున్నాడు. రోజూ ఉదయం అరగంట సియాసత్ పత్రిక చదివి వినిపించాలి, గదిలో మాంసం వండకూడదు. ఇవీ ఆయన షరతులు. రెండింటికీ ఒప్పుకున్నాము. నెలకు ఎనిమిది వందల అద్దె, నలుగురం పంచుకునేవాళ్లం. మాతో ఉన్న ముగ్గురిలో ఒకడు నల్గొండ, ఒకడు కర్నూలు, ఒకడు మన కొత్తపేట వాడే.

ఆ జీవితం ఎలా ఉండేదో చెప్పాలంటే ఇంకో సంచిక కావాలి. తెల్లవారుజామున కుళాయి నీళ్లు, ఒక్క బాత్‌రూము ముందు ఎనిమిది బకెట్లు. ఎండాకాలంలో రేకుల వేడికి గదిలో ఉండలేక చెట్ల కింద, లైబ్రరీల్లో చదువుకునేవాళ్లం. మెస్సులో కూపను భోజనం. నెలాఖరు వస్తే ఒక చాయ్ ఇద్దరికి, రెండు ఉస్మానియా బిస్కట్లు నలుగురికి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుకునేవాళ్లం. ఆ వీధుల్లో చౌక అన్నది ఒకరి దయ వల్ల వచ్చింది కాదు. ఒక గదిని నలుగురు పంచుకోవడం వల్ల, ఒక పుస్తకాన్ని పది మంది జిరాక్సు తీయించుకోవడం వల్ల, ఇంటాయనకు పింఛను చాలక మేడమీద రేకులు వేయడం వల్ల వచ్చింది. మన అవసరం ఆయనకు ఆసరా, ఆయన అవసరం మనకు నీడ.

పక్కనున్న కుటుంబాల వారికి మా వల్ల ఇబ్బంది లేకపోలేదు. అర్ధరాత్రి దాకా మాటలు, పరీక్షలయ్యాక పాటలు. పైగా ఆ పేటలకు ఉద్యమాల చరిత్ర ఉంది. 1938లో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను ఉస్మానియా నుంచి పంపివేస్తే నాగపూరు విశ్వవిద్యాలయం చేర్చుకుంది. 1969లో, మళ్లీ 2009లో తెలంగాణ ఉద్యమాలకు ఆ క్యాంపస్సే కేంద్రం. అటువంటి రోజుల్లో కూడా అక్కడి తల్లులు ఎవరి పిల్లలో తెలియని పిల్లలకు మంచినీళ్లు ఇచ్చినవారే.

ఆ వీధుల ప్రక్కనే దుర్గాబాయ్ దేశ్‌ముఖ్ గారి పేరున కాలనీ, ఆసుపత్రి ఉన్నాయి. ఆమె మన గోదావరి బిడ్డ, 1909లో రాజమండ్రిలో పుట్టింది. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, చదువు మధ్యలో ఆగిన ఆడవారిని కూర్చోబెట్టి బెనారస్ మెట్రిక్ పరీక్షకు తయారు చేయించింది. అటు వెళ్లినప్పుడల్లా మాకు మన ఆడపిల్లలు గుర్తుకు వచ్చేవారు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాము. నేడు అశోక్‌నగర్‌లో, అమీర్‌పేటలో, చివరికి మన అమలాపురంలోనే విద్యార్థుల గదులున్న వీధులు పెరిగినాయి. వంతెనలు వచ్చాయి, 2022లో అమలాపురం జిల్లా కేంద్రం కూడా అయింది. అయినా మా దగ్గర అలీఫ్, బే దిద్దుకున్న ఒక అమ్మాయి, ఇంటర్మీడియట్‌లో మంచి మార్కులు వచ్చిన పిల్ల, నిరుడు చదువు మానేసింది. ఫీజుకు సాయం చేస్తామన్నవారు ఉన్నారు. పట్నంలో నమ్మకమైన గది చూపించే వారే లేకపోయారు. తండ్రిని తప్పుపట్టలేము. ఆయన భయం ఆయనది. ఆ పిల్ల ఇప్పుడు మిషను కుడుతోంది.

మనకు గది ఇవ్వనివారిని గురించి మనం తరచు మాట్లాడుకుంటాము. న్యాయమే. గాని మనలో మేడమీద గది ఉన్నవారు ఎంతమంది "బ్యాచిలర్లకు ఇవ్వము" అని బోర్డు పెట్టలేదు? దూరపు ఊరి నుంచి వచ్చిన ఎస్సీ పిల్లవాడు గాని, వేరే మతం పిల్లవాడు గాని అడిగితే ఎంతమంది పేరు అడగకుండా తాళం చెవి ఇచ్చాము? మాకు గది ఇచ్చిన ఆ పెద్దాయన మతం అడగలేదు, చదవడం వచ్చునా అని అడిగాడు. మనమూ ఆ ప్రశ్నే అడగడం నేర్చుకోవాలి.

కనుక సొసైటీ వారికి మా మనవి రెండు మాటలు. ఒకటి, కాకినాడ, రాజమండ్రి, విజయవాడ, హైదరాబాదులలో స్థిరపడిన మన కోనసీమ కుటుంబాల పేర్లతో ఒక రిజిస్టరు తయారు చేయాలి. కొత్తగా వచ్చే పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, మొదటి నెల నీడ చూపించే బాధ్యత వారు తీసుకోవాలి. రెండు, అమలాపురంలో సొంత ఇళ్లున్న సభ్యులు ఒక్కొక్క గది విద్యార్థులకు తక్కువ అద్దెకు ఇవ్వాలి. పెద్ద భవనం కట్టేదాకా ఆగనక్కరలేదు.

ఎం.ఏ. అయ్యి గది ఖాళీ చేసిన రోజు ఆ పెద్దాయన అడ్వాన్సు మొత్తం లెక్కపెట్టి చేతిలో పెట్టి, "ఇక అఖ్బార్ ఎవరు చదువుతారు బేటా?" అన్నాడు. ఏమీ చెప్పలేకపోయాము. ఆయన ఇప్పుడు లేడు. ఆయన బాకీ మాత్రం మా మీద ఉంది. ఊళ్లో ఎవరో ఒక పిల్లవాడికి, ఒక పిల్లకు తలుపు తెరిచినప్పుడే అది తీరుతుంది. మా ఇంటి మేడమీద గది వచ్చే జూన్ నుంచి ఖాళీగా ఉంచుతున్నాము. అడగదలచినవారు మొహమాటపడవద్దని మనవి.