పిల్లల్ని పరాయి ఇంటికి అప్పగించిన దేశం

బెంగళూరు మారతహళ్ళి చుట్టుపక్కల స్కూళ్ళలో పిల్లల్ని చదివించే మనవాళ్ళకు విదేశీ ట్రిప్ సర్క్యులర్ కొత్తేమీ కాదు. పైన ‘ఎక్స్ఛేంజ్ ప్రోగ్రామ్’ అని ఉంటుంది. లోపల చూస్తే టూర్ ఏజెన్సీ వేసిన రూటు, హోటల్ గదులు, ఇండియన్ డిన్నర్, బస్సెక్కిన ప్రతిసారీ తలలు లెక్కపెట్టే ఎస్కార్ట్ టీచర్లు, రాత్రికి వాట్సాప్ గ్రూపులో ఫొటోలు. పిల్లలు క్షేమంగా వెళ్ళి క్షేమంగా వస్తారు గాని, ఆ దేశంలో ఒక్కరింటి గడప కూడా తొక్కరు. నేను స్థిరపడిన జర్మనీలో ఈ వ్యవహారం వేరే విధంగా నడుస్తుంది. పిల్లవాడు అవతలి దేశపు విద్యార్థి ఇంట్లో ఉంటాడు, అతనితో కలిసి బడికి వెళ్తాడు. కొన్ని నెలలకు అతనూ వీళ్ళింటికి వస్తాడు. వెంట వచ్చిన టీచర్ అదే ఊళ్ళో ఉంటారు, రాత్రిళ్ళు మాత్రం పిల్లల దగ్గర ఉండరు. ఇదంతా వీళ్ళ పెంపకంలోని ఉదారత అనుకుంటే పొరపాటు. దీని వెనక యుద్ధాలున్నాయి. ఆ చరిత్ర తెలిస్తే, తోడు వెళ్ళే టీచర్ చేసే పనిలో కాపలా కన్నా అప్పగింతే పెద్దదని ఒప్పుకోవలసి వస్తుంది.

1870 నుంచి 1945 లోపల జర్మనీ, ఫ్రాన్స్ మూడుసార్లు యుద్ధానికి దిగాయి. 1944 జూన్ 10న ఒరదూర్ అనే ఫ్రెంచి ఊళ్ళో జర్మన్ నాజీ ఎస్.ఎస్. దళం ఆరు వందల మందికి పైగా జనాన్ని చంపింది. ఆడవాళ్ళనూ పిల్లలనూ చర్చిలోకి తోలి తగలబెట్టింది. ఆ శిథిలాలను ఫ్రాన్స్ ఇప్పటికీ అలాగే ఉంచింది. ఆ తర్వాత ఆరేళ్ళకే, 1950లో, మోంబెలియార్ అనే ఫ్రెంచి పట్టణం లుడ్విగ్స్‌బుర్గ్ అనే జర్మన్ పట్టణంతో జత కట్టింది. 1962 సెప్టెంబర్ 9న అదే లుడ్విగ్స్‌బుర్గ్‌లో ఫ్రెంచి అధ్యక్షుడు డిగాల్ జర్మన్ యువతతో జర్మన్ భాషలోనే మాట్లాడాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లకు పట్టుబడి ఖైదీగా గడిపిన మనిషి ఆయన. 1963 జనవరి 22న ఆయనా, జర్మన్ ఛాన్సలర్ అడెనావరూ మైత్రి కోసం ఎలిసే ఒప్పందం మీద సంతకాలు చేశారు. జూలైలో రెండు దేశాల ఉమ్మడి యువజన కార్యాలయం పుట్టింది. దాని ఖర్చు రెండు ప్రభుత్వాలూ చెరిసగం భరిస్తాయి. ఇప్పటికి 90 లక్షల మందికి పైగా యువత దాని ద్వారా సరిహద్దు దాటారు. తొలి ఏళ్ళలో ఆ పిల్లలకు వండిపెట్టినవాళ్ళు యుద్ధాన్ని కళ్ళారా చూసిన తరం. నిన్నటి శత్రువు ఇంటికే పిల్లల్ని పంపారన్నమాట.

శిబిరం వేసి అందరినీ ఒకచోట ఉంచితే తేలిక కదా, ఇళ్ళెందుకు? శిబిరాల సంగతి జర్మనీకి బాగా తెలుసు. 1940 నుంచి నాజీ ప్రభుత్వం బాంబుదాడుల భయమున్న నగరాల పిల్లల్ని దూరప్రాంతాలకు తరలించి, పదేళ్ళు దాటినవాళ్ళను శిబిరాల్లో పెట్టింది. పాఠాలు వెంట వెళ్ళిన టీచర్ చేతిలో, మిగతా పొద్దంతా హిట్లర్ యూత్ నాయకుల చేతిలో. ప్రాణాలు కాపాడిన మాట నిజమే. అమ్మానాన్నల మాట వినపడని చోట పిల్లల్ని తమ అచ్చులో పోసుకున్న మాటా నిజమే. నా అన్వయం ఇది: గుంపుగా, ఒక్క నాయకుడి కింద సురక్షితంగా ఉండడమే మంచి పెంపకం అన్న నమ్మకం ఆ తరంతో చెడింది. ఇప్పటి పద్ధతి చూడండి. నెలల ముందే పిల్లలు ఫారం నింపుతారు: ఇంట్లో కుక్క ఉంటే ఫరవాలేదా, ఏ తిండి పడదు, ఏ ఆట ఇష్టం. దాన్నిబట్టి టీచర్లు జతలు కుదురుస్తారు. రైలు దిగగానే ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి ఒక్కొక్క కుటుంబానికి అప్పగిస్తారు. రాత్రి భోజనం చాలా జర్మన్ ఇళ్ళలో పొయ్యి వెలిగించనిదే: రొట్టె, చీజ్, వెనిగర్‌లో ఊరిన దోసకాయ. అది గొంతు దిగకపోతే, మొహమాటం చంపుకుని ఆ ముక్క పిల్లవాడే చెప్పుకోవాలి. ప్రయాణంలో నేర్చుకునేది అక్కడే ఉంది.

ముక్కూ మొహం తెలియనివాళ్ళింట్లో ఆడపిల్లను ఎలా వదిలేస్తాం అని మనవాళ్ళు అడుగుతారు. అడగాల్సిందే. కానీ అప్పగించడమంటే వదిలేయడం కాదు. జర్మన్ టీచర్ మీద పర్యవేక్షణ బాధ్యత చట్టప్రకారం ఉంటుంది. టీచర్ లేకుండా ఊళ్ళో తిరగాలంటే తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి తీసుకోవడం, ఒంటరిగా కాక ముగ్గురేసి వెళ్ళమనడం ఇక్కడ మామూలే. ఏ రాత్రయినా ఇల్లు మార్చమని పిల్ల ఫోన్ చేస్తే మార్చగలిగేలా ఇంకో కుటుంబాన్ని సిద్ధంగా ఉంచుకోవడం మంచి టీచర్ లక్షణం. హోటల్ కారిడార్‌లో కాపలా కాయడం కన్నా ఇది కష్టమైన పని. కుటుంబాలను ముందే వాకబు చేయాలి, అవతలి టీచర్‌ను నమ్మగలగాలి, చెప్పుకోవడానికి పిల్లకు ధైర్యం నేర్పాలి.

మనకూ జర్మనీకీ ఏ పగా లేదు, ఈ కథ మనకెందుకు అన్నది రెండో ప్రశ్న. బ్రిటిష్ జెండా కింద మన సైనికులు రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ జర్మన్లతో పోరాడారు. అంతకన్నా దగ్గరి సంబంధం మారతహళ్ళి పొరుగునే ఉంది. అక్కడి విమాన కర్మాగారం హెచ్.ఎ.ఎల్.లో మారుత్ జెట్ యుద్ధవిమానం రూపకల్పనకు నాయకత్వం వహించినవాడు కుర్ట్ టాంక్ అనే జర్మన్ ఇంజనీరు. 1961 జూన్ 17న ఆ విమానం తొలిసారి ఎగిరింది. అంతకు ముందు హిట్లర్ వాయుసేనకు ఫోకె-వుల్ఫ్ 190 రూపొందించింది కూడా ఈయనే. యుద్ధం ఓడాక అర్జెంటీనా వెళ్ళి, అక్కడి నుంచి మన దగ్గరికి వచ్చాడు. మనం గొప్పగా చెప్పుకునే పని, వాళ్ళు తలవంచుకునే పని ఒకే చేతిమీదుగా జరిగాయి. మారతహళ్ళి పిల్ల ఈ సంగతి జర్మన్ కుటుంబంతో మాట్లాడగలిగితే, ఏ టూర్ గైడూ చెప్పని చరిత్ర రెండు వైపులా తెలుస్తుంది. 2022 డిసెంబర్‌లో భారత్, జర్మనీ వలసలు, రాకపోకల మీద ఒప్పందం చేసుకున్నాయి. రేపు చదువుకో ఉద్యోగానికో ఇక్కడికి వచ్చే మన పిల్లలకు ఇలాంటి పరిచయం ఈఫిల్ టవర్ ముందు తీసుకున్న ఫొటో కన్నా అక్కరకొస్తుంది.

మూడోది డబ్బు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఫ్రాన్స్, జర్మనీల మధ్య రైలెక్కితే చాలు, పైగా సర్కారు సొమ్ము తోడుంది. మనకు విమానం, వీసా, అంతా తల్లిదండ్రుల జేబులోంచే. కాబట్టి ఇది ఉన్నవాళ్ళ పిల్లల సరదాగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. అయితే ఖరీదైనది దూరమే గాని పద్ధతి కాదు. 2015లో ప్రకటించిన ‘ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్’ పథకం ఆంధ్రప్రదేశ్‌ను పంజాబ్‌తో, తెలంగాణను హర్యానాతో, కర్ణాటకను ఉత్తరాఖండ్‌తో జత చేసింది. అంత దూరం కూడా అక్కర్లేదు: బెంగళూరులో పుట్టి పెరిగి, కన్నడ కుటుంబంలో ఒక్క పూట ఉండని తెలుగు పిల్లలకు కోలారు దాకా వెళ్ళినా మార్పిడే. విదేశమైనా స్వదేశమైనా స్కూలును అడగవలసింది ఎన్ని ఊళ్ళు చూపిస్తారని కాదు, అవతలి పిల్ల మనింట్లో ఉండడానికి ఎప్పుడు వస్తుందని. దానికి తేదీ చెప్పలేకపోతే అది టూరు. టూరుగా నచ్చితే పంపండి, ఎక్స్ఛేంజ్ పేరు చెప్పి అడిగే అదనపు డబ్బు మాత్రం కట్టకండి.