నీటి కాఠిన్యము: మంచిర్యాల నేల చెప్పు కథ

నీళ్ళు కాచెడి కాగు అడుగున తెల్లని పెచ్చు కట్టుట మనలో పెక్కుమంది ఇండ్లలో చూచినదే. ఒక ఊరి నీటిలో ఇట్టే మెత్తబడు కందిపప్పు మరియొక ఊరి నీటిలో ఎంతసేపటికిని బద్దగానే నిలుచును. ఒకచోట సబ్బు చేత పట్టగనే నురుగు వచ్చును. వేరొకచోట బిళ్ళ అరుగునే గాని నురుగు రాదు. కోడలికి పప్పు వండుట రాదని సణిగిన అత్తగారు లేకపోలేదు. ఆ నింద చాలవరకు బావికి, బావి క్రింది రాతికి చెందవలసినది.

వాన నీరు పుట్టుకతో మెత్తనిది. గాలిలోను మట్టిలోను ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకొని అది నేలలోనికి దిగును. ఆ పులుపుతో రాతిలోని కాల్షియము, మెగ్నీషియములను కరగించుకొనును. ఇదియే కాఠిన్యము. నీటిని కాచినపుడు ఆ వాయువు లేచిపోయి సున్నము పెచ్చుగా దిగును. దీనిని తాత్కాలిక కాఠిన్యమందురు. సల్ఫేటు, క్లోరైడు రూపమున ఉన్నది మాత్రము కాచినను పోదు. అది శాశ్వత కాఠిన్యము. దానిని విరుచుటకు చాకలిసోడా వాడుదురు.

ఇపుడు మంచిర్యాల చుట్టు ఒకసారి చూతము. గోదావరికి ఉత్తరపు గట్టున ఉన్న ఈ పట్టణము పలుజాతుల రాళ్ళు కలిసికొను తావు. ప్రాణహిత, గోదావరి లోయ భూగర్భమును పరిశీలించి విలియం కింగ్ రచించిన గ్రంథము 1881లో వెలువడినది. ఏటికి దక్షిణమున కరీంనగరు వైపు గ్రానైటు గుట్టలు కలవు. మందమర్రి, బెల్లంపల్లి ప్రాంతమున బొగ్గును పొదువుకొన్న ఇసుకరాతి పొరలు కలవు. ఆ చేరువనే సున్నపురాయి. పడమట ఆదిలాబాదు వైపు పూర్వయుగమున లావా గడ్డకట్టి ఏర్పడిన నల్లరాయి, దానిపై నల్లరేగడి.

సున్నపురాయి పులుపునకు సులువుగా లొంగును. మంచిర్యాలలో సిమెంటు పరిశ్రమ వెలయుటకు ఆధారమైన రాయియే కాగు అడుగున పెచ్చుగా మనకు దర్శనమిచ్చుచున్నది! ఇసుకరాయి స్వతహాగా సున్నమును తక్కువగా ఇచ్చును. రేణువులను అతికించిన బంక సున్నమైనచో మాత్రము నీరు గట్టిపడును. గ్రానైటు తొందరగా కరగదు. అయినను దాని పగుళ్ళలో చిరకాలము నిలిచిన నీరు లవణములను కూడబెట్టుకొనును. అందుచేతనే ఒకే ఊరిలో రెండు బావుల నీరు రెండు విధములుగా ఉండుట వింత కాదు.

మన పెద్దలు ఈ రసాయనమును పేర్లతో ఎరుగరు; పనితో ఎరుగుదురు. త్రాగుటకొక బావి, వాడుకకొక బావి అని ఏర్పరచుకొనిరి. ఏటి ఇసుకలో చెలిమ తోడి తేట నీరు తెచ్చుకొనిరి. తలకు కుంకుడుకాయ వాడిరి. అది సబ్బు వలె సున్నముతో కలిసి తెట్టు కట్టదు. పెచ్చు కట్టిన గిన్నెను చింతపండుతో తోమిరి; ఆ పులుపు సున్నమును కరగించును.

1929లో కాజీపేట, బల్లార్షా నడుమ రైలుమార్గము పూర్తియైనది. ఆవిరియంత్రముల బాయిలరులో పెచ్చు కట్టినచో వేడి నీటికి చక్కగా అందదు, బొగ్గు వృథా అగును. ఇల్లాలి కాగునకు, రైలుబండి బాయిలరునకు శత్రువు ఒక్కటే! స్కాట్లండు శాస్త్రజ్ఞుడు థామస్ క్లార్కు 1841లోనే దీనికొక చిత్రమైన ఉపాయమునకు పేటెంటు పొందెను: నీటిలో తగినంత సున్నము కలిపినచో, కరగియున్న సున్నము కూడ దానితో పాటు అడుగునకు దిగును.

2016లో తెలంగాణలో మిషన్ భగీరథ ఆరంభమైనది. గోదావరి, కృష్ణ నదుల నీటిని, జలాశయముల నీటిని శుద్ధిచేసి ఇంటింటి నల్లాకు చేర్చుట దాని ఉద్దేశము. బావుల నాడు ఊరికొక రుచి. ఒకే ఏటి నీరు పలు ఊళ్ళకు పారినపుడు ఆ భేదము సన్నగిల్లును. బిందె మోసిన భుజములకు ఇది ఎంత ఊరటయో చెప్పనక్కరలేదు.

అయితే ఒక హెచ్చరిక. నల్లా రానినాడు మరల బోరునే ఆశ్రయింతుము. గట్టినీరు చెడ్డది, మెత్తనినీరు మంచిది అని నాలుకతో తీర్పు చెప్పరాదు. లీటరునకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యము వరకు అంగీకారమనియు, వేరు ఆధారము లేనిచోట 600 వరకు సమ్మతమనియు భారతీయ ప్రమాణము. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యరీత్యా కాఠిన్యమునకు హద్దు విధింపలేదు. నల్లగొండ జిల్లాలో ఎముకలను వంచినది సున్నము కాదు, ఫ్లోరైడు. కాల్షియము తక్కువగా ఉన్న మెత్తని భూగర్భజలములోనే అది ఎక్కువగా నిలువగలదు. దానికి రుచి లేదు, పెచ్చు కట్టదు, కాచినను పోదు. కాగు చెప్పునది సగము సత్యమే. తక్కిన సగమును పరీక్షశాల చెప్పవలెను.

కాబట్టి బోరునీటిని పరీక్ష చేయించి త్రాగుదము. నల్లా వచ్చినదని పాత బావిని చెత్తతో పూడ్చక కాపాడుకొందము. పప్పు ఉడకనినాడు మాత్రము, కోడలిని అనుటకు ముందు, బావిలోనికొకసారి తొంగిచూతము.