వృత్త సమీకరణము: తులూజ్ నుండి బాలానగరు వరకు

బాలానగరు పారిశ్రామికవాడలో సీఎన్‌సీ మిల్లింగు యంత్రము ముందు నిలిచి, జాబ్ మీద వంపు కోయుటకై ప్రోగ్రాములో ‘జీ 03’ అను అపసవ్యదిశ చాపపు ఆజ్ఞను టైపు చేయు ఆపరేటరు వాడుచున్నది, ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరమున గణితము చదువు పిల్లలందరు బట్టీపట్టి పరీక్ష కాగానే మరచిపోవు వృత్త సమీకరణమునే.

మేకు పాతి, త్రాడు బిగించి వృత్తము గీయుట, యజ్ఞవేదికల కొలతలు చెప్పిన శుల్బసూత్రకారులకు కరతలామలకము. దీర్ఘచతురస్రపు కర్ణముమీది వర్గము రెండు భుజముల వర్గముల మొత్తమునకు సమమని బౌధాయనుడు చెప్పియే యున్నాడు. నేటి సమీకరణమునకు ప్రాణమదియే. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమున పరిధికిని వైశాల్యమునకును సూత్రములు గలవు. దానిని పావులూరి మల్లన తెనిగించెను. కాని వృత్తమును కొలుచుట వేరు, తలములోని ఏ బిందువునైనను నిలువదీసి ‘నీవు ఈ వృత్తముపై నున్నావా?’ అని అడుగగలుగుట వేరు. ఈ రెండవ శక్తి సమీకరణముతోగాని లభింపలేదు.

తులూజ్ నగర న్యాయస్థానమున ఉద్యోగియగు పియెర్ ద ఫెర్మా, బిందుపథములపై ప్రాచీన గ్రీకు గణితజ్ఞుడు అపొల్లోనియస్ రచించిన లుప్తగ్రంథమును పునరుద్ధరింపబూని, ఆ శ్రమలోనే 1636 ప్రాంతమున ఒక చిన్న వ్యాసము వ్రాసి, వృత్తమును అందు సమీకరణముగా నిలిపెను. తెలియని రాశులకు అచ్చులు, తెలిసినవానికి హల్లులు వాడు ఫ్రెంచి గణితజ్ఞుడు వియెటా సంప్రదాయము ననుసరించి, ‘బీ’ వర్గమునుండి ‘ఏ’ వర్గమును తీసివేసిన ‘ఈ’ వర్గము వచ్చునని అతడు వ్రాసినది, మనము నేడు ఎక్స్, వైలతో వ్రాయుదానికి సరిసమానము. ఆ వ్యాసము వ్రాతప్రతిగానే చేతులు మారి, అతడు గతించిన పదునాలుగేండ్లకు, 1679లో అచ్చయినది. ఈలోగా 1637లోనే రెనె డెకార్ట్ జ్యామితి వెలువడుటచే కీర్తి యంతయు అటే మరలినది. వృత్తము మట్టుకు అగ్రతాంబూలము ఫెర్మాకే చెల్లవలెనని నా అభిప్రాయము. ఐనను వారిరువురును రెండవ అక్షమును స్పష్టముగా గీచినవారు కారు. నేటి నాలుగు పాదముల పటము తరువాతి తరములవారి సంస్కారము.

ఇక ఆ సమీకరణమును ఒక ఉదాహరణతో చూతము: కేంద్రము (3, 2), వ్యాసార్థము 5 అనుకొందము. విస్తరింపగా ఎక్స్ వర్గము, వై వర్గము కూడి, అందు 6 ఎక్స్, 4 వై, 12 తీసివేసిన సున్న యగును. పాఠ్యగ్రంథములలో ఎక్స్, వైలకు గల 2జీ, 2ఎఫ్ అను గుణకములు ఇట్టి విస్తరణకై ఏర్పరచినవే: ముందే రెండు చేర్చి యుంచుటచే, వర్గము పూరించునపుడు భిన్నముల బెడద తప్పి, కేంద్రము నేరుగా చేతికి దొరకును. ఇంత సుళువైన కారణమును తరగతిలో ఏల చెప్పరో తెలియదు!

ఇక వంపులు కోయు యంత్రము సంగతి. హెలికాప్టరు రెక్కల వంపులను బిందువుల పట్టికగా లెక్కించి కోయవలెనని జాన్ పార్సన్స్ తలపెట్టిన యత్నమునుండి పుట్టిన సంఖ్యానియంత్రిత మిల్లింగు యంత్రమును 1952లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ ప్రదర్శించినది. ఇంటర్మీడియట్ పాఠ్యపుస్తకములు వెలువరించిన తెలుగు అకాడమీ పుట్టిన 1968లోనే, బాలానగరున సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ నెలకొనినది.

ఇపుడు పై వృత్తమునే యంత్రమున కిత్తము. టూలు (8, 2) కడ నున్నది. ‘జీ 03’, చేరవలసిన బిందువు (3, 7), ఐ విలువ మైనస్ 5, జే విలువ సున్న. అనగా కేంద్రము టూలుకు ఎడమప్రక్క అయిదు మిల్లీమీటర్ల దూరమున గలదు. కంట్రోలరు ఆరంభబిందువు దూరమును, అంత్యబిందువు దూరమును కేంద్రమునుండి గణించి సరిచూచుకొనును. ఏమరుపాటున (3, 8) అని వ్రాసినచో ఒకటి అయిదు, మరియొకటి ఆరు అగుటచే, అలారము చూపి నిలిచిపోవును. ‘జీ 03’కు మారు ‘జీ 02’ అని వ్రాసినచో మాత్రము యంత్రము కిమ్మనక, పావు చుట్టు కోయవలసినచోట ఎదురుదిశగా ముప్పాతిక చుట్టు కోసి జాబ్‌ను పాడుచేయును. ఆ రెండు చాపములకును సమీకరణ మొక్కటే గదా!