క్రైస్తవ అనుదిన ధ్యానాలు

బైబిల్లోని ఒక వాక్యాన్ని తీసుకుని, దాని వెలుగులో లోకంలో జరుగుతున్నదాన్నీ ఇంట్లో జరుగుతున్నదాన్నీ ఆలోచించే చిన్న రచనను క్రైస్తవులు అనుదిన ధ్యానం అంటారు. సాధారణంగా అది ఒక పేజీ దాటదు. మొదట వాక్యం, తర్వాత దాని మీద కొన్ని మాటలు, చివర చిన్న ప్రార్థన. పుస్తకంగా, పత్రికగా, గోడ క్యాలెండరుగా, రేడియో ప్రసంగంగా, ఇప్పుడు ఫోను సందేశంగా దాదాపు మూడు వందల ఏళ్లుగా ఇది నడుస్తోంది. పెద్ద వేదాంత గ్రంథాలు తెరవని ఇళ్లలో కూడా ఆదివారపు విశ్వాసాన్ని సోమవారం పనుల్లోకి తెచ్చింది ఈ సాహిత్యమే. వాక్యం, వార్త, బతుకు అనే మూడూ ఇందులో కలిసి నడవాలి. ఏ ఒక్కటి జారిపోయినా ధ్యానం చప్పబడిపోతుందని దీని చరిత్ర చెబుతుంది.

తొలి రూపాలు

రోజులో నియమిత వేళల్లో ప్రార్థించే అలవాటు క్రైస్తవ్యానికి యూదుల నుంచి వచ్చింది. ఆరో శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్ట్ తన మఠానికి రాసిన నియమావళి ప్రకారం, సన్యాసులు బైబిల్లోని 150 కీర్తనలనూ వారం రోజుల్లో పూర్తిగా పాడాలి. మఠం బయట ఉన్నవారికి అంత తీరిక లేదు, చదువూ తక్కువే. 1517 తర్వాత వచ్చిన సంస్కరణ ఉద్యమం బైబిలును ప్రజల భాషల్లోకి తెచ్చి ఆ దూరాన్ని తగ్గించింది. ఎలా ప్రార్థించాలని తనకు క్షవరం చేసే పీటర్ అడిగితే, మార్టిన్ లూథర్ 1535లో ఒక చిన్న పుస్తకమే రాసి ఇచ్చాడు. పనివాడి రోజులో ఇమిడే ప్రార్థన ఎలా ఉండాలన్న ప్రశ్నకు ఒక మహా పండితుడు అంత శ్రద్ధగా జవాబు రాయడం ఈ సాహిత్యానికి మంచి ఆరంభం.

హెర్న్‌హూట్ వాక్యాలు

ఇప్పుడు మనకు తెలిసిన రూపం జర్మనీలోని సాక్సనీలో, హెర్న్‌హూట్ అనే చిన్న ఊళ్లో మొదలైంది. మొరేవియా నుంచి మతహింస తట్టుకోలేక వచ్చినవారికి 1722 నుంచి కౌంట్ జింజెన్‌డార్ఫ్ తన భూమిలో చోటిచ్చాడు. 1728 మే 3 సాయంత్రం ఆయన సంఘానికి మరుసటి రోజు కోసం ఒక మాట ఇచ్చాడు. అప్పటి నుంచి రోజుకొక మాటను ఇంటింటికీ చేరవేయడం ఆనవాయితీ అయింది. 1731 సంవత్సరానికి ఈ వాక్యాలు తొలిసారి పుస్తకంగా అచ్చయ్యాయి. ‘లోజుంగెన్’ అనే పేరుతో నేటికీ ఏటా వెలువడుతూ, యాభైకి పైగా భాషల్లోకి వెళ్తున్నాయి.

పాత నిబంధన వాక్యాన్ని చీటీలు తీసి నిర్ణయిస్తారు. దానికి తగిన కొత్త నిబంధన వాక్యాన్ని ఆలోచించి ఎంపిక చేస్తారు. చీటీ పద్ధతిలో ఒక మేలు ఉంది. పాఠకుడు తనకు నచ్చిన వాక్యాలనే వెతుక్కోడు, తనను నిలదీసే వాక్యం కూడా ఎదురవుతుంది.

స్పర్జన్, దినపత్రిక

పందొమ్మిదో శతాబ్దంలో చౌక ముద్రణ వల్ల లండన్‌లో ధ్యాన పుస్తకమూ దినపత్రికా ఒకే బల్ల మీదికి చేరాయి. బాప్టిస్టు బోధకుడు చార్లెస్ స్పర్జన్ ఉదయం చదువుకోవడానికి 1865లోనూ, సాయంత్రానికి 1868లోనూ రెండు ధ్యాన సంపుటాలు ఇచ్చాడు. 1878లో ‘ద బైబిల్ అండ్ ద న్యూస్‌పేపర్’ అనే పుస్తకం తెచ్చాడు. పత్రికల్లో వచ్చిన వార్తలను తీసుకుని, ఒక్కోదాని నుంచి ఆత్మీయ పాఠం చెప్పడం అందులోని పద్ధతి. వార్తను కూడా విశ్వాసంతోనే చదవవచ్చని ఆ పుస్తకం సామాన్య పాఠకుడికి నేర్పింది.

వార్త వాక్యాన్ని మింగితే

ఈ కలయికలోని ప్రమాదాన్ని తన అనుభవంతో చెప్పినవాడు స్విట్జర్లాండ్ వేదాంతి కార్ల్ బార్త్. ఆయన 1911 నుంచి పదేళ్లు సాఫెన్‌విల్ అనే ఊళ్లో, కార్మికులున్న సంఘానికి పాదిరిగా పనిచేశాడు. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునిగిపోతే, ఆ విషాదం మీదే ఆదివారం ప్రసంగం చేశాడు. తర్వాత విద్యార్థులకు ప్రసంగ కళ బోధిస్తూ, అది తన పొరపాటని చెప్పాడు. ఆ రోజు ఓడ ముందుకొచ్చి, వాక్యం వెనకబడింది. అయినా వార్తలను పక్కన పెట్టమని ఆయన అనలేదు. బైబిలునూ పత్రికనూ రెంటినీ చదవాలనీ, పత్రికను మాత్రం బైబిలు వెలుగులో అర్థం చేసుకోవాలనీ యువ వేదాంతులకు తాను ఇచ్చిన సలహాను 1963లో ‘టైమ్’ పత్రికతో గుర్తు చేసుకున్నాడు.

ఆ సలహాకు నిండు ఉదాహరణ జర్మన్ పాదిరి డీట్రిక్ బోన్‌హోఫర్ జీవితం. రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొస్తున్న 1939 జూన్‌లో ఆయన న్యూయార్క్‌లో క్షేమంగా ఉన్నాడు. జర్మనీ నుంచి వచ్చే వార్తలు ఆయనను నిలవనివ్వలేదు. ఆ రోజుల డైరీలో లోజుంగెన్ వాక్యాల మీద ఆలోచనలు రాసుకున్నాడు. చలికాలానికి ముందే తన దగ్గరికి రమ్మని పౌలు తిమోతిని కోరిన మాట జూన్ 26న ఆయన మనసును పట్టుకుంది. జూలైలో ఆయన స్వదేశానికి తిరుగు ప్రయాణమయ్యాడు. తర్వాత నాజీలను ఎదిరించి జైలు పాలయ్యాక, అక్కడి నుంచి కూడా ఆ దిన వాక్యాల మీద ధ్యానాలు రాశాడు. 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బర్గ్ శిబిరంలో నాజీలు ఆయనను ఉరితీశారు. వాక్యం ఆయనకు ఊరట మాత్రమే ఇవ్వలేదు, ఎక్కడ నిలబడాలో చెప్పింది.

ఇరవయ్యో శతాబ్దపు పుస్తకాలు

ఎక్కువ మంది చేతుల్లో నలిగిన ధ్యాన పుస్తకాలు రెండింటి వెనుక ఇద్దరు స్త్రీల దుఃఖం ఉంది. జపాన్‌లో మిషనరీగా పనిచేసిన లెటీ కౌమన్, భర్త దీర్ఘకాలం జబ్బుపడి 1924లో మరణించేదాకా తనను నిలబెట్టిన మాటలను కూర్చి, 1925లో ‘స్ట్రీమ్స్ ఇన్ ద డెజర్ట్’ ప్రచురించింది. ఓస్వాల్డ్ ఛాంబర్స్ ఈజిప్టులో సైనికుల మధ్య పనిచేస్తూ 1917లో 43వ ఏట చనిపోయాడు. ఆయన ప్రసంగాలను షార్ట్‌హ్యాండ్‌లో రాసి ఉంచిన భార్య బిడ్డీ, వాటి నుంచి రోజుకొకటి చొప్పున ఏరి 1927లో ‘మై అట్మోస్ట్ ఫర్ హిజ్ హయ్యెస్ట్’ తెచ్చింది. ముఖపత్రం మీద భర్త పేరు వేసి, తన పేరు వేసుకోలేదు.

1935లో అమెరికాలోని శాన్ ఆంటోనియో మెథడిస్టు సంఘం నుంచి ‘ది అప్పర్ రూమ్’ పత్రిక పుట్టింది. అందులో వివిధ దేశాల పాఠకులే ధ్యానాలు రాస్తారు. రోగి మంచం దగ్గరో, పొలంలోనో, కార్యాలయంలోనో ఎదురైన అనుభవం అలా అచ్చులోకి ఎక్కింది. 1956లో రేడియో బైబిల్ క్లాస్ సంస్థ ప్రారంభించిన ‘అవర్ డైలీ బ్రెడ్’ తెలుగుతో సహా ఎన్నో భాషల్లోకి వెళ్లింది.

రేడియోలో

యుద్ధం మొదలైన 1939లోనే బీబీసీ ఉదయపు ప్రార్థనా ప్రసంగాలు ప్రసారం చేయసాగింది. 1970 నుంచి అవి ‘టుడే’ వార్తా కార్యక్రమం మధ్యలో ‘థాట్ ఫర్ ద డే’గా వస్తున్నాయి. మూడు నిమిషాల లోపు, నాటి వార్తను విశ్వాసంతో పరిశీలించడం దీని పని. కాలక్రమంలో యూదులు, సిక్కులు, ముస్లింలు, హిందువులు కూడా మాట్లాడసాగారు. మత విశ్వాసం లేనివారికీ అవకాశం ఇవ్వాలని 2002లో వందమందికి పైగా ప్రముఖులు కోరారు. విశ్వాసులకే అవకాశమిచ్చే పాత పద్ధతి నిష్పాక్షికతకు విరుద్ధం కాదని బీబీసీ ట్రస్టు 2009లో తేల్చింది. 2010 డిసెంబరు 24న పోప్ బెనెడిక్ట్ 16 ఈ కార్యక్రమంలో మాట్లాడాడు.

తెలుగులో

జింజెన్‌డార్ఫ్ చిన్నప్పుడు చదువుకున్న, జర్మనీలోని హాలే పట్టణంలోనే తొలి తెలుగు అచ్చు పుస్తకాలు వెలువడ్డాయి. మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1746-47లో అక్కడ ముద్రింపించిన వాటిలో ‘నూరు జ్ఞాన వచనములు’ ఒకటి. చిన్న చిన్న మాటల్లో క్రైస్తవ నడవడిని చెప్పే పని తెలుగు ముద్రణతోపాటే మొదలైందన్న మాట.

లెటీ కౌమన్ పుస్తకం ‘ఎడారిలో సెలయేర్లు’ పేరుతో తెలుగు క్రైస్తవ ఇళ్లలో సొంత పుస్తకంలా స్థిరపడింది. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో ఒకరు వాక్యం చదవడం, పెద్దవారు దాన్ని వివరించడం, తర్వాత ప్రార్థన అవసరతలు చెప్పుకోవడం మన పద్ధతి. వానలు పడకపోవడం, పిల్లల పరీక్షలు, గల్ఫ్‌కు వెళ్లిన కొడుకు క్షేమం, పేపర్లో చదివిన ప్రమాదం అన్నీ అక్కడ వాక్యం పక్కకు వస్తాయి. సంఘంలో సామాన్యులు లేచి చెప్పే సాక్ష్యం కూడా ఒక ధ్యానమే.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కొత్త సంవత్సరానికి వాగ్దాన వచనం అందుకోవడం చాలా సంఘాల్లో ఉంది. కొన్నిచోట్ల చీటీలు తీస్తారు. అక్కడ జాగ్రత్త అవసరం. సందర్భం నుంచి విడదీసిన వాక్యం జాతకంలా మారిపోతుంది, దీవెనలే మిగిలి గద్దింపులు మాయమవుతాయి. ఉదయాన్నే ఫోనులో వచ్చే వాక్య చిత్రాలకూ ఇదే వర్తిస్తుంది. వాటిని పంపినవారి ప్రేమ నిజమైనదే. అయితే చదివినవారు పొరుగువాడి ఆకలిని, ఊరిలోని అన్యాయాన్ని ఆ వాక్యం ముందు పెట్టి, తాము చేయాల్సిందేమిటని అడిగినప్పుడే అది ధ్యానం అవుతుంది.